విజయవాడా, విశాఖా? కావలి తండ్రికి జవాబు

ప్రశ్న: మాది కావలి. ఎరువుల దుకాణం నడుపుతున్నాను. మా అమ్మాయి ఇక్కడే ఇంటర్ ఎంపీసీ పూర్తిచేసి ఈఏపీసెట్ రాసింది. ఒక మోస్తరు ర్యాంకు వస్తుందని లెక్చరర్లు అంటున్నారు. ఏఐ బ్రాంచిలో చేర్చాలని మా ఆలోచన. రాజధాని పక్కనే ఉంటుంది కాబట్టి విజయవాడ మేలని మా బావమరిది, డేటా సెంటర్లు వస్తున్నాయి కాబట్టి విశాఖ మేలని మా తోడల్లుడు పట్టుబడుతున్నారు. ఉన్న రెండెకరాలు అమ్మి ఆ ఊళ్లో ఫ్లాటు కొని, అమ్మాయికి తోడుగా నా భార్యను నాలుగేళ్లు అక్కడే ఉంచాలని కూడా అనుకుంటున్నాం. ఉండటానికి, చదువుకు, రేపటి ఉద్యోగానికి ఏ నగరం మంచిది?

జవాబు: అయ్యా, మీ ప్రశ్న నాకు కొత్త కాదు. ఏడాదికేడాది మారేది అందులోని నగరం పేరు మాత్రమే. 2015 అక్టోబరులో అమరావతికి శంకుస్థాపన జరిగాక రెండు మూడేళ్లపాటు నెల్లూరులో నా దగ్గరకు వచ్చిన తల్లిదండ్రులలో ఎక్కువమంది విజయవాడ అన్నారు. 2020లో మూడు రాజధానుల చట్టం రాగానే విశాఖ అన్నారు. 2024లో ప్రభుత్వం మారి రాజధాని పనులు మళ్లీ మొదలవుతాయని తెలిశాక విజయవాడ అన్నారు. 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి పెడతామని ప్రకటించిన తరువాత మళ్లీ విశాఖ అంటున్నారు. ఈ పదేళ్లలో పెద్దబిడ్డను ఒక నగరానికి, చిన్నబిడ్డను ఇంకో నగరానికి పంపి, రెండుసార్లూ చదువు కంటే ముందు స్థలాల ధరలు కనుక్కున్న కుటుంబాలను నేను చూశాను.

ప్రకటనను నమ్మి పిల్లల చదువును ముడిపెట్టకూడదని మన జిల్లావాళ్లకు ఇంకెవరో వచ్చి చెప్పనవసరం లేదు. అప్పటి మన నెల్లూరు జిల్లాలోని దుగరాజపట్నంలో పెద్ద రేవు కట్టి, దాని మొదటి దశను 2018 చివరికల్లా పూర్తిచేస్తామని 2014 నాటి విభజన చట్టంలోనే రాశారు. అది ఎవరో వేదిక మీద అన్న మాట కాదు, పార్లమెంటు చేసిన చట్టం. 2018 వెళ్లిపోయింది, ఆ రేవు రాలేదు. విశాఖకు గాని అమరావతికి గాని ఏమీ రాదని నేను అనడం లేదు, రావాలనే కోరుకుంటున్నాను. వచ్చేది ఎప్పుడు వస్తుందో దాని తీరు దానిది, మీ అమ్మాయి నాలుగేళ్ల చదువు తీరు దానిది. ఈ రెండూ ఒకే రోజుకు కలుస్తాయని లెక్క వేసుకోవడమే పొరపాటు.

నగరాల మధ్య ఈ పోటీ కూడా ఇవాళ్టిది కాదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో బెజవాడ కేంద్రంగానే మొదలై, 1930లో వాల్తేరుకు తరలిపోయింది. అలాగని ఆ తరువాత బెజవాడ చిన్నబోలేదు, రైల్వే కూడలిగా, వ్యాపార కేంద్రంగా, ఆటోనగర్‌తో తన దారిన తాను పెరిగింది. విశాఖ రేవు, నౌకా నిర్మాణ కేంద్రం, ఉక్కు కర్మాగారం, తూర్పు నౌకాదళంతో తన దారిన పెరిగింది. ఈ రెంటిలో ఏదీ మునిగిపోయే నగరం కాదు. కాబట్టి తప్పు నగరం ఎంచుకుంటామేమోనన్న భయాన్ని ముందు తీసేయండి.

ఇక మీరు అడిగిన పోలిక. కావలికి విజయవాడ సుమారు 200 కిలోమీటర్లు. ఉదయం అక్కడ పినాకిని రైలు ఎక్కితే టిఫిన్ వేళకు ఇంట్లో ఉండవచ్చు. విశాఖ అక్కడి నుంచి ఇంకో 350 కిలోమీటర్లు, అంటే రాత్రంతా ప్రయాణం, పండుగలప్పుడు బెర్తు దొరకక అవస్థ. జ్వరం వస్తేనో, బెంగ పుడితేనో, రెండు రోజులు సెలవు దొరికితేనో ఈ తేడా బాగా తెలిసివస్తుంది. విజయవాడ ఎండ మే నెలలో కఠినం. విశాఖలో సముద్రపు గాలి ఉంటుంది, ఉక్క కూడా ఉంటుంది. విశాఖ కాస్త తెరిపిగా, రోడ్లు ఎత్తుపల్లాలుగా ఉంటుంది, విజయవాడ ఇరుకుగా, రద్దీగా ఉంటుంది. ప్రకృతి కోపం మాటకొస్తే 2014 అక్టోబరులో విశాఖను హుద్‌హుద్ తుపాను, 2024 సెప్టెంబరులో విజయవాడ సింగ్ నగర్ ప్రాంతాన్ని బుడమేరు వరద ఎంత ఏడిపించాయో అందరికీ తెలుసు. మన దగ్గర 2021 నవంబరులో పడుగుపాడు వద్ద పట్టాలు కొట్టుకుపోయి రైళ్లు ఆగిన సంగతీ మీకు గుర్తుండే ఉంటుంది. విద్యార్థిగా ఉండటానికి నన్ను ఒకటే చెప్పమంటే, దూరం తక్కువ కనుక విజయవాడ అంటాను. అంతకు మించిన కారణం నా దగ్గర లేదు. హాస్టల్ పిల్లకు నగరమంటే కళాశాల, మెస్సు, ఒక జిరాక్స్ దుకాణం, బస్సు ఆగే చోటు. నాలుగేళ్లలో ఎక్కువ రోజులు ఆ రెండు కిలోమీటర్ల లోపే గడిచిపోతాయి.

మీ బావమరిది, తోడల్లుడు ఇద్దరూ మీకు చెప్పని సంగతి ఒకటి ఉంది. స్థానికత విషయంలో నెల్లూరు జిల్లా శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ పరిధిలోకి వస్తుంది. విజయవాడ, విశాఖ రెండూ ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిధిలోవి. ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో ఇచ్చే కన్వీనర్ కోటా సీట్లలో 85 శాతం ఆ పరిధి స్థానికులకే పోగా, మిగిలిన 15 శాతంలోనే మీ అమ్మాయి అందరితో కలిసి పోటీ పడాలి. సింగరాయకొండలో చదివిన పిల్లకు విజయవాడలో స్థానికత ఉంటుంది, కొన్ని మైళ్లు ఇటువైపున్న కావలిలో చదివిన మీ పిల్లకు ఉండదు. అదే ర్యాంకుతో తిరుపతిలోనో, నెల్లూరులోనో, అనంతపురంలోనో ఇంతకంటే మెరుగైన కళాశాలలో సీటు దొరికే అవకాశం చాలా ఎక్కువ. తిరుపతిని మీరు లెక్కలోకే తీసుకోకపోవడం నాకు బాధ కలిగించింది. 1954 నుంచి విశ్వవిద్యాలయం ఉన్న ఊరది. 1983లో ఆడపిల్లల కోసమే పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం వెలసిన ఊరు. దర్శనానికి వెళ్లివచ్చే ఊరుగానే దాన్ని చూడటం మనవాళ్లకు అలవాటైపోయింది.

ఏఐ బ్రాంచి గురించి నా సందేహాలు దాచుకోను. ఆ విద్య మీద నాకు అనుమానం లేదు, దాని పేరుతో తెరిచిన సెక్షన్ల మీద ఉంది. చాలా కళాశాలల్లో మొదటి రెండేళ్ల పాఠాలు మామూలు కంప్యూటర్ సైన్సుకూ దీనికీ దాదాపు ఒకటే. బోర్డు కొత్తది, చెప్పేవారు పాతవారు. వారిలో మంచివారు ఉన్నారు, కాని ఒకే అధ్యాపకుడు నాలుగైదు సెక్షన్లకు పరుగెత్తుతుంటే ఎంత మంచివాడైనా ఏం చెప్పగలడు? పోయిన సంవత్సరం ఒక కళాశాల మూడో సంవత్సరం విద్యార్థిని తన ల్యాబ్ రికార్డు తెచ్చి నాకు చూపించింది. అందులో ప్రతి ప్రయోగం కింద సంతకం ఉంది, మార్కులు ఉన్నాయి. అందులో ఒక ప్రోగ్రామ్‌ను నా కంప్యూటర్‌లో చేసి చూపమని అడిగితే ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. సీనియర్ల రికార్డు చూసి రాసుకున్నామని చెప్పింది. తెలివిలేని పిల్ల కాదు, గణితంలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్ల. గణితం గట్టిగా రాక, ప్రోగ్రామ్ సొంతంగా రాయడం రాక, ఏఐ అన్న పేరు డిగ్రీ మీద ఉంటే అది ఎవరికి అక్కరకొస్తుంది?

డేటా సెంటర్ల సంగతీ చెప్పాలి. అవి ప్రధానంగా భూమి, కరెంటు, నీరు కోరే కట్టడాలు. కట్టేటప్పుడు పని చాలామందికి ఉంటుంది, కట్టాక వాటిని నడపడానికి అంతమంది అక్కరలేదు. నడిపేవారిలో కరెంటు, చల్లదనం, నెట్‌వర్కు చూసే ఇంజినీర్లు ముఖ్యులు కాబట్టి, మీ తోడల్లుడి మాటనే నిజంగా పట్టుకుంటే అమ్మాయిని ఎలక్ట్రికల్‌లోనో, ఎలక్ట్రానిక్స్‌లోనో చేర్చాలి. సాఫ్ట్‌వేర్ కంపెనీలు కళాశాలకు వచ్చి తీసుకున్న పిల్లలను హైదరాబాదుకో, బెంగళూరుకో, చెన్నైకో పంపుతాయి. నెల్లూరుకు విజయవాడ కంటే చెన్నై దగ్గరన్న సంగతి కూడా మరవకండి.

ఇప్పుడు మీకు కటువుగా అనిపించే మాట ఒకటి చెబుతాను, మన్నించండి. పైన కుదించి ఇచ్చిన ప్రశ్నలో లేదు గాని, రెండు పేజీల మీ అసలు ఉత్తరంలో గజం ధర మూడుసార్లు వచ్చింది. అమ్మాయికి ఏది ఇష్టమో ఒక్కసారి కూడా రాలేదు. ఏఐ బ్రాంచి ‘మా ఆలోచన’ అన్నారు. ఆ ‘మా’లో ఆ పిల్ల ఉందా? దుకాణం మీకు, పొలం మీ కుటుంబానికి అన్నం పెడుతుంటే, ఆ పొలం అమ్మి నాలుగేళ్ల అవసరానికి ఫ్లాటు కొనడం ఏ లెక్కలోనూ నిలవదు. చదువు అయ్యాక అమ్మాయి ఆ ఊళ్లోనే ఉంటుందని ఎవరూ చెప్పలేరు. మీ భార్యను నాలుగేళ్లు ఇల్లు వదిలి పరాయి ఊళ్లో వంటకు పెట్టడం ఆమెకు న్యాయం కాదు. పద్దెనిమిదేళ్ల పిల్లకు కాపలా పెడితే, నీ మీద నాకు నమ్మకం లేదని రోజూ చెప్పినట్టే అవుతుంది.

మీ అసలు భయం నాకు అర్థమైంది. ఆడపిల్ల ఒక్కతే ఎలా ఉంటుంది, ఏం తింటుంది, ఎవరు చూస్తారు అన్నదే మీ బెంగ. ఆ బెంగ ఉండటం తప్పు కాదు. అయితే ఒక ఆదివారం సాయంత్రం కావలి స్టేషన్‌కు వెళ్లి, విజయవాడ వైపు పినాకిని ఆగే ఆ ఒకటి రెండు నిమిషాలు నిలబడి చూడండి. కిటికీ ఊచల దగ్గర తల్లులు, మూతకు గుడ్డ కట్టిన ఆవకాయ సీసాలు, కారప్పొడి పొట్లాలు కనిపిస్తాయి. లోపల కూర్చున్న పిల్లలలో చాలామంది మొదటి నెల ఏడ్చినవారే, మూడో నెలకు తమ బట్టలు, తమ బడ్జెట్ తామే చూసుకున్నవారే. విశాఖలో చదివిన అల్లూరు పిల్ల ఒకామె, తాను ‘ఏందబ్బా’ అంటే హాస్టల్లో అందరూ నవ్వేవారని, పులుసులో బెల్లం వేస్తే అన్నం సయించేది కాదని మొదట్లో నాకు ఫోన్ చేసి బాధపడేది. రెండో ఏడాది వేసవి సెలవుల్లో నన్ను చూడటానికి వచ్చినప్పుడు ఆమె మాటల్లో ‘ఏటి’ దొర్లుతోంది. మీ అమ్మాయి కూడా నిలదొక్కుకుంటుంది. విజయవాడలోనైనా, తిరుపతిలోనైనా, విశాఖలోనైనా నిలదొక్కుకుంటుంది. ఒకప్పుడు ఇతర జిల్లాల పిల్లలు జవహర్ భారతి కళాశాలలో చదవడానికి కావలికి వచ్చి ఉండేవారు. వారి తల్లిదండ్రులూ మీలాగే భయపడి ఉంటారు.

కౌన్సెలింగ్‌లో కళాశాలల ఆప్షన్లు పెట్టుకునే లోపు అమ్మాయిని వెంటబెట్టుకొని తిరుపతిలో ఒకటి, విజయవాడలో ఒకటి, నెల్లూరులో ఒకటి, మూడు కళాశాలలకు పనిరోజున వెళ్లండి. ఆఫీసు గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చేవారిని కాకుండా, మూడో సంవత్సరం పిల్లలను క్యాంటీన్ దగ్గర పలకరించండి. ఒక సెక్షన్‌కు ఎంతమంది, ల్యాబ్‌లో కంప్యూటర్ ఇద్దరికి ఒకటా, ఒక్కరికి ఒకటా, నిన్న ఏ పాఠం జరిగింది అని అమ్మాయినే అడగనివ్వండి, మీరు పక్కన నిలబడండి. హాస్టల్లో గదులు కాదు, బాత్రూములు, మంచినీళ్లు చూడండి. తిరిగి వచ్చాక ఆమె నచ్చిన వరుసలో ఆ మూడు పేర్లు రాసి నాకు పంపమనండి. ఆ ఉత్తరం ఆమే రాయాలి.