ఆ కార్డులను బీరువా మీద నుంచి దించండి

ప్రశ్న: మాది మేనరికం. బాబుకు ఐదేళ్ళు. రెండున్నరేళ్ళకు నడిచాడు కానీ ఇంతవరకు ఒక్క మాట కూడా రాలేదు. స్పీచ్ థెరపీలో ఇచ్చిన బొమ్మల కార్డులతో మంచినీళ్ళు అడగడం నేర్చుకున్నాడు. ‘బొమ్మలకు అలవాటుపడితే ఇక మాటలే రావు’ అంటూ మా అత్త వాటిని బీరువా మీద పెట్టేసింది. అప్పటి నుంచి వాడు చెయ్యి కొరుక్కుంటున్నాడు. ఈ లోపం మా అమ్మ వైపు నుంచి వచ్చిందని అత్త అంటుంది. బావ మంచివాడే, డబ్బుకు లోటు చేయడు, కానీ ఏమీ అనడు. వచ్చే నెల ఆడపడుచు కూతురి ఓణీల వేడుకకు బాబును ఇంట్లో వదిలి రమ్మంటున్నారు. రెండో బిడ్డ పుడితే రేపు వీడిని చూసుకుంటుందట. కనమంటారా?

జవాబు: అమ్మా, రెండో బిడ్డ సంగతి మీరూ మీ బావా తేల్చుకోవలసినది, అందులో నాకు గానీ మీ అత్తగారికి గానీ పని లేదు. అయితే ఇంకా పుట్టని బిడ్డకు అన్నను చూసుకునే బాధ్యతను ముందే రాసిపెట్టి కనడం అన్యాయం. కనాలనే అనుకుంటే, బాబు ఎదుగుదల ఎందుకు ఆలస్యమైందో తెలుసుకోవడానికి ముందుగా మీరిద్దరూ హైదరాబాద్ నిమ్స్‌లోని మెడికల్ జెనెటిక్స్ విభాగం వంటి చోటికి వెళ్ళండి. కారణం కాన్పు సమయంలో జరిగిన ఇబ్బందీ కావచ్చు. మేనరికంలో సాధారణంగా భయపడే రకం జబ్బే అయితే, అది తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున లోపమున్న జన్యువులు రెండూ కలిసినప్పుడే వస్తుంది, ప్రతి కాన్పులోనూ 25 శాతం అవకాశం ఉంటుంది. ఆ లెక్కలో ‘మీ అమ్మ వైపు’ అన్న నిందకు తావే లేదు.

మీ ఉత్తరంలో నేను మళ్ళీ మళ్ళీ చదివింది ‘బావ ఏమీ అనడు’ అన్న మాట. ఎత్తుకుని పెంచిన మేనత్తకు ఎదురుచెప్పడం మీకు ఎంత కష్టమో అర్థం చేసుకోగలను. అందుకే ఆ పని ఆయనది. ఫీజు కట్టడంతో తండ్రి బాధ్యత తీరిపోదు. తల్లి మీద గౌరవం ఉన్న కొడుకు, ఆమె పొరబడినప్పుడు పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పాలే తప్ప, మౌనంగా తప్పుకుని ఆ భారమంతా భార్య మీద వేయకూడదు. కార్డులు పైకెక్కిన రోజున బాబుకు ఉన్న ఒకే ఒక్క మాట పోయింది. దాహం వేస్తే చెప్పుకునే దారి మూసుకుపోయిన పిల్లవాడు చెయ్యి కొరుక్కోక ఏం చేస్తాడు?

కార్డుల వల్ల మాటలు ఆగిపోతాయన్నది అపోహ. పరిశోధనల్లో అలాంటి నష్టమేదీ కనబడలేదు సరికదా, కొందరు పిల్లలకు మాట రావడానికి అవే తోడ్పడ్డాయి. మీ బావ చేత ఈ ఆదివారమే ఇంట్లోని వస్తువులకు, అంటే బాబు తాగే గ్లాసుకు, పెరుగన్నం గిన్నెకు, బాత్రూమ్ తలుపుకు ఫొటోలు తీయించి కార్డులు చేయించండి. ‘వద్దు’, ‘నొప్పి’ అనేవి తప్పకుండా ఉండాలి. అడగడం ఒక్కటే నేర్పి, కాదనడం నేర్పకపోతే పిల్లవాడు చేతులతోనో పళ్ళతోనో కాదంటాడు. బాబు కార్డు అందించగానే అడిగినది చేతికివ్వాలి, ఆ మాటను పైకి అనాలి, ‘నోటితో చెప్తేనే ఇస్తాను’ అని మాత్రం పట్టుబట్టకూడదు. చెవిపోటో పంటినొప్పో ఉందేమో పిల్లల డాక్టరుకు చూపించి, వినికిడికి బెరా పరీక్ష ఇంతవరకు చేయించకపోతే అదీ చేయించండి.

మీ అత్తగారు దుర్మార్గురాలని నేను అనుకోవడం లేదు. మనవడికి మాట రాలేదన్న దిగులు ఆమెకూ ఉంటుంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి బుద్ధిమాంద్యం గల పిల్లల కోసం పనిచేస్తున్న జాతీయ సంస్థ ఉంది, ఇప్పుడు దానిని ఎన్‌ఐఈపీఐడీ అంటున్నారు. మీ బావ సెలవు పెట్టి, తల్లిని కూడా వెంటబెట్టుకుని అక్కడికి బాబును తీసుకువెళ్ళాలి. కోడలు చెప్తే వినని పెద్దవాళ్ళు నిపుణులు చెప్తే వినడం నేను చాలా ఇళ్ళలో చూశాను. మన తరువాత వీడికి దిక్కెవరన్న భయానికి కూడా తమ్ముడో చెల్లెలో ఒక్కటే మార్గం కాదు. బాబుకు బుద్ధిమాంద్యం, ఆటిజం వంటివి ఉన్నాయని నిర్ధారణ అయితే, 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద 18 ఏళ్ళు నిండాక చట్టబద్ధ సంరక్షకుణ్ణి నియమించుకోవచ్చు. ‘నిరామయ’ ఆరోగ్య బీమా ఏటా లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది. వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డుకు, అంటే యూడీఐడీ కార్డుకు దరఖాస్తు చేసే పని కూడా ఆయనకే అప్పగించండి.

ఇక ఓణీల వేడుక. బాబు రాని వేడుకకు మీరూ వెళ్ళవద్దు, ఈ మాట ఆయన నోటితోనే ఆడపడుచుకు చెప్పించండి. వెళ్ళేటట్లయితే బాబు తండ్రి చేయి పట్టుకునే రావాలి. మైకు మోతకు దూరంగా, పందిరి చివర కూర్చోండి. చెవులు మూసుకుంటే ఆయనే బయటికి తీసుకువెళ్ళి కాసేపు తిప్పాలి. భోజనాల వరకు ఉండలేకపోతే అక్షింతలు వేసి వచ్చేయండి. సంచిలో వాడి గ్లాసు, పెరుగన్నం, ఒక జత బట్టలు, కార్డులు పెట్టుకోండి. ‘ఇంటికి’ అన్న కార్డు అన్నిటికంటే పైన ఉండాలి.