ప్రయాణ సందేహాలు: లాస్ వెగాస్‌లో ఏ హోటల్?

ప్రశ్న: నేను బరంపురంలో అధ్యాపకుడిగా పనిచేసి పదవీ విరమణ పొందాను. మా అబ్బాయి కాలిఫోర్నియాలో ఉద్యోగం చేస్తున్నాడు. వచ్చే అక్టోబరులో మేము అక్కడికి వెళ్లినప్పుడు, మా దంపతులను, కోడలిని, ఎనిమిదేళ్ల మనవడిని తీసుకొని మూడు రాత్రులు లాస్ వెగాస్‌లో గడపాలని అతని కోరిక. బెలాజియో, వెనీషియన్, విన్ అనే మూడు పేర్లు పంపి, "డబ్బు సంగతి నేను చూసుకుంటాను, ఏదో ఒకటి మీరే చెప్పండి నాన్నా" అంటున్నాడు. నా భార్యకు ఉబ్బసం, నాకు మోకాళ్ల నొప్పులు, మాలో ఎవరూ జూదం ఆడరు. ఏది ఎంచుకోమంటారు?
ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: మీ అబ్బాయి పంపిన మూడు పేర్ల కన్నా మీరు ఉత్తరం చివర రాసిన మూడు సంగతులే ఈ ఎంపికకు ఎక్కువ పనికివస్తాయి. పూరీ వెళ్తే గది గుడికి ఎంత దగ్గరో చూసుకుంటాం. లాస్ వెగాస్‌లో హోటలే క్షేత్రం కాబట్టి, గదికీ వీధికీ మధ్య ఏముందో చూసుకోవాలి. సాధారణంగా అక్కడ ఉండేది కాసినో, అంటే జూదశాల. లాబీ నుంచి లిఫ్టుకు, లిఫ్టు నుంచి భోజనశాలకు వెళ్లే దారి జూదపు యంత్రాల పక్కనుంచే సాగేలా ఆ భవనాలను కట్టారు. 2006లో, లాస్ వెగాస్ ఉన్న నెవాడా రాష్ట్రపు ఓటర్లు ఆమోదించిన పొగ నియంత్రణ చట్టం కూడా కాసినో అంతస్తును మినహాయించింది కనుక, మీ గదిలో పొగ లేకపోయినా గదికి చేరే దారిలో ఉంటుంది. ఉబ్బసం ఉన్న మనిషికి రోజుకు నాలుగైదు సార్లు ఆ దారి తప్పదు. మనవడి విషయంలోనూ ఇబ్బందే: 21 ఏళ్లు నిండనివారు ఆ దారిలో నడిచి వెళ్లవచ్చు గానీ యంత్రాల దగ్గర నిలబడరాదు.

అందువల్ల నా సలహా కాసినో లేని హోటల్. 2009లో తెరిచిన వడారా అనే హోటల్‌లో కాసినో లేదు, పొగ తాగనివ్వరు, గదులన్నీ సూట్లే, అంటే కూర్చునే చోటు కూడా ఉన్న పెద్ద గదులే. చాలావాటిలో చిన్న వంట వసతి ఉండడం వల్ల చారూ అన్నమూ లేకపోతే పొద్దు గడవని మనవంటివారికి అనుకూలం. గిన్నెలు ఇస్తారో లేదో ముందే అడగండి. (దీని గాజు గోడ వంపు వల్ల ఎండ ఒకచోట కేంద్రీకృతమై ఈత కొలను దగ్గర ప్లాస్టిక్ సంచి కరిగిందని 2010లో పత్రికల్లో వచ్చింది, మధ్యాహ్నం కొలను ఒడ్డున కునుకు తీయకపోతే సరి.) అక్కడి నుంచి బెలాజియోకు నడకదారీ ఉచిత ట్రామూ ఉన్నాయి. బెలాజియో నీటి ఫౌంటెన్లు, లోపలి పూలవనం, లాబీ పైకప్పుకు అమర్చిన సుమారు 2,000 గాజు పూలు ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. చూడదగిన వాటికి డబ్బు అడగని ఊరిలో, వాటి కోసమే ఆ హోటల్ గదికి అధికంగా చెల్లించడం నాకు సబబుగా తోచదు. ఇంతకన్నా హుందాతనం కావాలంటే, మాండలే బే అనే హోటల్ భవనంలో 35 నుంచి 39 అంతస్తుల వరకు ఉన్న ఫోర్ సీజన్స్ హోటల్‌కు వేరే ప్రవేశద్వారం, వేరే లాబీ ఉన్నాయి. కాకపోతే అది ఈ హోటళ్లన్నీ ఉన్న ప్రధాన వీధికి దక్షిణపు కొస.

ఆ దూరం తేలికగా తీసుకోకండి. స్ట్రిప్ అనే ఆ వీధి పొడవు సుమారు 6.8 కిలోమీటర్లు, అంటే మన బరంపురం నుంచి గోపాల్‌పూర్ తీరానికి దాదాపు సగం దారి. భవనాలు అతి పెద్దవి కావడంతో పక్కనే ఉన్నట్టు కనిపించే హోటల్‌కు కూడా పావుగంట పైనే నడవాలి. ఏడు వేలకు పైగా సూట్లున్న వెనీషియన్‌లో గది నుంచి వీధికి చేరడమే ఒక ప్రయాణం. అక్కడి సూట్లలో రెండు మూడు మెట్లు దిగి కూర్చునే భాగం ఉండడం మామూలు, మోకాళ్లకు అది సరిపడదు. ఆ మూడింటిలోనే ఒకటి తీసుకోవాలని మీ అబ్బాయి పట్టుబడితే, విన్‌లో టవర్ సూట్స్ అనే విభాగాన్ని అడగమనండి. దానికి కాసినోతో పని లేని ప్రత్యేక ప్రవేశం ఉంది.

మీరు ఐదుగురు. ఒక గదిలో నలుగురికి మించి ఉండనివ్వకపోవడం అక్కడ మామూలు కాబట్టి, మధ్యలో తలుపున్న రెండు గదులు కావాలని ముందే రాయించి, హోటల్ నుంచి ఖరారు తీసుకోవాలి. గది అద్దెకు తోడు రిసార్ట్ ఫీజు అనే తప్పనిసరి రుసుము రాత్రికి, గదికి 50 డాలర్ల చుట్టుపక్కల ఉంటుంది, అంటే మీకు రెండు గదులకు మూడు రాత్రులకు 300 డాలర్లు. ప్రకటించే ధరలోనే దీనిని కలిపి చూపాలని 2025 మే నుంచి నిబంధన వచ్చింది గానీ, 13 శాతానికి పైగా ఉండే పన్ను విడిగానే పడవచ్చు. గదిలోని చిన్న ఫ్రిజ్‌లో మందులు పెట్టుకోవద్దు. చాలా హోటళ్లలో అందులో అమ్మకానికి పెట్టిన సీసాను కదిపినా చాలు, బిల్లు పడుతుంది. మందులకు వేరే ఫ్రిజ్ అడగండి.

ప్రశ్న: ఒకే గదికి బుధవారం ఒక ధర, శనివారం దాదాపు మూడింతలు చూపుతున్నారు. ఇది మోసమా?
ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: మోసం కాదు, గిరాకీ. ఠాకురాణి యాత్ర రోజుల్లో బరంపురంలో గది అడిగి చూడండి, తెలుస్తుంది. లాస్ ఏంజెలెస్ జనం కార్లలో వచ్చేది శుక్ర, శనివారాల్లో కాబట్టి ఆదివారం నుంచి గురువారం వరకు ధర దిగుతుంది. జనవరిలో ఎలక్ట్రానిక్స్ ప్రదర్శన, 2023 నుంచి నవంబరులో ఫార్ములా వన్ పందెం జరిగే రోజుల్లో మాత్రం వారం మధ్యలోనూ దిగదు. తేదీలను మీరు రెండు రోజులు అటూ ఇటూ జరపగలిగితే, అదే డబ్బుకు ఒక మెట్టు పై హోటల్ దొరుకుతుంది.

ప్రశ్న: జూదం ఆడేవారికి గది ఉచితమట, నిజమేనా?
ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: నిజమే. కాసినో ఇచ్చే సభ్యత్వ కార్డు పెట్టి ఆడితే, మీరు ఎంత పందెం కాశారో, ఎంతసేపు ఆడారో లెక్కించి, సగటున మీరు పోగొట్టుకోబోయే మొత్తంలో కొంత భాగాన్ని గదిగా, భోజనంగా తిరిగి ఇస్తారు. పై బరంపురం కుటుంబానికి ఈ ఏర్పాటుతో అవసరం లేదు.