స్క్రేపర్ బ్రాకెట్ గీసే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీర్వదించి రాయు లేఖ.

కన్వేయర్ బెల్టుకు అంటుకున్న బొగ్గును గీకే స్క్రేపర్ల బ్రాకెట్ డిజైన్ నీకు అప్పగించారని తెలిసి చాలా సంతోషించాను. ముప్పై ఏళ్లు బొగ్గు ప్లాంటులో ముందు ఫిట్టరుగా, తర్వాత ఫోర్‌మన్‌గా ఈ బ్రాకెట్లను బిగించాను, విప్పాను, విప్పలేనప్పుడు కోశాను. అందుకే నువ్వు పంపిన డ్రాయింగులలో కనబడని సంగతులే ఇక్కడ రాస్తున్నాను.

డ్రాయింగులో బొగ్గు జారిపడే చ్యూట్ గోడలు రెండూ నిటారుగా, ఒకదానికొకటి సమాంతరంగా ఉంటాయి. ఇరవై ఏళ్లు బొగ్గు దెబ్బలు తిని, అరిగిన చోటల్లా అతుకు ప్లేట్లు వేయించుకున్న చ్యూట్ అలా ఉండదు. ఒక రాత్రి షిఫ్టులో, నాలుగు గంటల షట్‌డౌన్‌లో కొత్త స్క్రేపర్ బిగించవలసి వచ్చింది. బ్రాకెట్‌కు గుండ్రటి రంధ్రాలు మాత్రమే ఉన్నాయి. స్క్రేపర్ బ్లేడును మోసే పైపు ఒక చివర సరిగ్గా కూర్చుంటే రెండో చివర వేలెడు పైకి లేచింది. వేరే దారి లేక గ్యాస్ కటింగ్‌తో రంధ్రాలు పెద్దవి చేశాం. బెల్టు మీద తడి గోనెసంచులు పరిచినా, వాటి సందులోంచి ఒక నిప్పురవ్వ జారి, అరచేయంత మేర రబ్బరు కాలి, లోపలి గుడ్డ పొర బయటపడింది. ఆ మచ్చ పూడ్చి బెల్టు తిప్పేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. రెండు రంధ్రాలు స్లాట్లుగా, అంటే పొడవాటి రంధ్రాలుగా, ఉంటే ఇదంతా జరిగేది కాదు. బొగ్గు పొడి నిండిన చోట కటింగ్, వెల్డింగ్ అవసరం రాకుండా చేయడమే నీ బ్రాకెట్ చేయగలిగిన పెద్ద మేలు. వెల్డింగ్‌తో మరో నష్టం కూడా ఉంది. ఎర్త్ క్లాంపు ఎక్కడో దూరంగా తగిలిస్తే కరెంటు పుల్లీ బేరింగుల గుండా పోయి, వాటి లోపలి రోలర్ల మీద గుంటలు పడతాయి. ఆ బేరింగు కొన్ని నెలలకు పాడైనప్పుడు అసలు కారణం ఎవరికీ తట్టదు.

కాబట్టి బ్రాకెట్‌ను రెండు పలకలుగా ఆలోచించు. చ్యూట్ గోడకు బిగించే పలకలో అడ్డ స్లాట్లు, దాని మీద కూర్చునే పలకలో నిలువు స్లాట్లు పెట్టు. 16 మిల్లీమీటర్ల బోల్టుకు 80 పొడవున్న స్లాటు ఇస్తే, మధ్య నుంచి అటూ ఇటూ 30 మిల్లీమీటర్ల పైచిలుకు సర్దుకోవచ్చు; పాత చ్యూట్‌లలో నేను చూసిన వంకరలలో ఎక్కువ భాగం అందులో ఇమిడిపోతాయి. అయితే స్లాటు మీద పలుచని వాషరు వేస్తే అది లోపలికి వంగి, బిగింపు నెల తిరక్కుండానే వదులవుతుంది. స్లాటును పూర్తిగా కప్పే మందపాటి పలక వాషరు ఇవ్వు. బోల్టు పట్టు ఒక్కదాని మీదే పైపు బరువును, బ్లేడు ఒత్తిడిని వదిలేయకుండా, కింద నుంచి మోసే ఒక జాకింగ్ బోల్టు కూడా పెట్టు. పైపును మిల్లీమీటరు చొప్పున లేపడానికి, తర్వాత జారకుండా ఆపడానికి ఆ ఒక్క బోల్టూ సరిపోతుంది.

ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా గమనించు. సర్దుకోవడం వేరు, లొంగడం వేరు. బిగించే వేళ బ్రాకెట్ ఎటు కావాలంటే అటు సర్దుకోవాలి. బిగించాక కొండలా కదలకుండా ఉండాలి. బెల్టు అతుకు తగిలినప్పుడు వెనక్కి తగ్గి, మళ్లీ ముందుకు వచ్చే పని స్ప్రింగుదో, రబ్బరు బుష్‌దో, గాలి సిలిండర్‌దో. అది బ్లేడును బెల్టుకు నొక్కిపట్టే టెన్షనర్‌లో జరగాలి. ఈ రెండు పనులనూ ఒకే ముక్కకు అప్పగించిన డిజైన్లు నేను చూశాను. అటువంటి వాటిలో బ్లేడు బెల్టు మీద అదురుతూ పోతుంది, బొగ్గు మాత్రం తిరుగు బెల్టుకు అంటుకునే ఉండి, రిటర్న్ రోలర్ల కింద కుప్పలు పోస్తుంది.

పైపు స్థానం విషయంలో ఫిట్టరు అంచనాకు ఏదీ వదిలిపెట్టకు. మొదటి స్క్రేపర్ బ్లేడు మొన, బొగ్గు కిందికి పడే చివరనున్న హెడ్ పుల్లీ మధ్యగీతకు కాస్త దిగువన, జారిపడే బొగ్గు ధారకు తగలకుండా ఆనాలి. షాఫ్టు మధ్యబిందువు నుంచి పైపుకు దూరం ఎంతో తేల్చాలంటే పుల్లీ వ్యాసార్ధానికి లాగింగ్ (పుల్లీ మీది తొడుగు పొర) మందం, బెల్టు మందం కలపాలి. 630 మిల్లీమీటర్ల వ్యాసపు పుల్లీకి 12 లాగింగ్, 16 బెల్టు ఉంటే ఆ మొత్తం 343 అవుతుంది. చీకటి చ్యూట్ పక్కన, టార్చిలైటు నోట కరచుకున్న మనిషి ఈ లెక్క వేయలేడు. అందువల్ల ప్రతి బ్రాకెట్ పెట్టెలో పలుచని రేకు టెంప్లేట్ ఒకటి పెట్టు. దాని ఒక మూలను షాఫ్టు చివరి మధ్యబిందువుకు ఆనిస్తే, పైపు రంధ్రం ఎక్కడ రావాలో పుల్లీ సైజుల వారీగా గుర్తులు కనబడాలి. పలకల అంచున కూడా గీతలు చెక్కించు. అప్పుడు రెండు వైపులా ఒకే గీత దగ్గర బిగించి, పైపు పుల్లీకి సమాంతరంగా ఉందో లేదో వెంటనే చూసుకోవచ్చు.

ఇక చేతి పని సంగతి. బ్రాకెట్ మొత్తానికి ఒకే సైజు బోల్టులు వాడు. 16 మిల్లీమీటర్ల బోల్టు పెడితే 24 నంబరు స్పానర్లు రెండు చాలు. చ్యూట్ లోపలి వైపు నట్టు పట్టుకోవడానికి ఎవరి చెయ్యీ పోదు కాబట్టి, బోల్టులను పలకకు ముందే బిగించి పంపు, నట్టు బయటి నుంచే పడాలి. ఎడమ, కుడి అని వేర్వేరు ముక్కలు చేయకు. ఒకవైపు గేర్‌బాక్సు, కప్లింగ్ గార్డు ఉంటాయి, రెండో వైపు నడక దారి ఉంటుంది. ఏ వైపు తిప్పినా పట్టే ఒకే ముక్క ఉంటే స్టోరులో తప్పు ముక్క ఎత్తుకెళ్లే బాధ ఉండదు. దారి ఇరుకైన చోట పైపును పొడవునా బయటకు లాగడానికి స్థలం చాలదు. దాన్ని రెండు ముక్కలు చేసి, మధ్యలో స్లీవ్‌తో కలిపే ఏర్పాటు కూడా ఇవ్వు. స్టెయిన్‌లెస్ బోల్టుకు స్టెయిన్‌లెస్ నట్టే వేస్తే మరలు పట్టుకుపోతాయి. నిక్షేపంగా గాల్వనైజ్ చేసినవి వాడి, మరలకు గ్రీజు పూయమని రాయి.

సూచనల కాగితంలో మొదటి వాక్యం స్పానర్ గురించి కాకుండా కరెంటు గురించి ఉండాలి. బెల్టును అత్యవసరంగా ఆపే పుల్ కార్డ్ తాడు లాగడం ఐసోలేషన్ కిందికి, అంటే కరెంటు పూర్తిగా తెంచడం కిందికి, రాదు. బ్రేకర్ ఆపి, పనిచేసే ప్రతి మనిషి తన తాళం తానే వేసి, బెల్టును బిగువుగా లాగి ఉంచే టేకప్ బరువు కదలకుండా చూసుకున్నాకే చ్యూట్ దగ్గరికి వెళ్లాలి.

మొదటి నమూనా తయారయ్యాక డ్రాయింగు ఖాయం చేయకముందే, గ్రీజు అంటిన చేతి తొడుగులతో, లైట్లు ఆర్పి, నువ్వూ ఇంకొకరూ కలిసి దాన్ని ఒకసారి బిగించి, విప్పి చూడండి. ఎన్నిసార్లు స్పానర్ జారిందో, ఏ బోల్టు దగ్గర ఎంతసేపు ఆగారో రాసిపెట్టి, ఆ కాగితం నాకు పంపు.