మాత్ క్యాట్‌ఫిష్ వేసి ఇరవై రోజులైంది, ఒక్కటీ కనిపించడం లేదు. రాళ్లు తీసి వెతకాలా?

మీ ప్రశ్న ఇది కదా: పర్లాకిమిడిలో మూడడుగుల ట్యాంకు, అందులో రెండు ఏంజెల్ చేపలు, పది నియాన్ టెట్రాలు, అద్దానికి నోటితో అంటుకునే సక్కర్ చేప ఒకటి. అడుగున గులకరాళ్లు. కోల్‌కతా నుంచి మూడు మాత్ క్యాట్‌ఫిష్‌లు తెప్పించి వేశారు, ఆ తర్వాత ఒక్కటీ కంటపడలేదు.

రాళ్లు కెలక్కండి. ఈ చేప ఎంత పెరిగినా మూడు నాలుగు సెంటీమీటర్లే. పగలంతా ఎండుటాకు ముక్కలా అడుగున పడి ఉంటుంది, పక్కన నీళ్లు కదిలినా కదలదు. కెలికితే అడుగున పేరుకున్న మురికి లేచి అమ్మోనియా పెరుగుతుంది, రాయి జారి చేప మీదే పడొచ్చు. చచ్చి ఉంటే వాసన వస్తుందిలే అనుకోవడానికీ లేదు. అంత చిన్న చేపను సక్కర్, నత్తలు ఒకట్రెండు రోజుల్లో ఆనవాలు లేకుండా చేసేస్తాయి.

చూడాల్సింది రాత్రిపూట. లైటు ఆర్పిన ముప్పావుగంటకు, టార్చి మీద ఎర్ర జిలేటిన్ కాగితం రెండు మడతలు చుట్టి పక్క అద్దం వైపునుంచి చూడండి. గదిలో ఎర్ర జీరో బల్బు ఉంటే ఇంకా మంచిది. చెక్క అడుగున, ఫిల్టరు వెనక, హీటరు సక్షన్ కప్పుల దగ్గర ముందు చూడండి. ఇంటర్నల్ ఫిల్టరైతే ప్లగ్గు తీసి, మూత విప్పి, స్పాంజి చుట్టూ చూడండి. నీళ్లు లాగే చీలికల్లోంచి ఈ చేప సులువుగా లోపలికి దూరుతుంది, తిండి ముక్కలు కూడా అక్కడికే వస్తాయి గనక బయటికి రాదు. ఆ చీలికల మీద గరుకు స్పాంజి తొడుగు వేస్తే ఆ బాధ ఉండదు.

దొరికితే వలతో పట్టొద్దు. పక్క రెక్కల ముళ్లకు రంపపు పళ్లుంటాయి, వల దారాల్లో ఇరుక్కుంటే ముల్లయినా విరుగుతుంది, వలయినా కోయాల్సి వస్తుంది. ప్లాస్టిక్ డబ్బా అడ్డం పెట్టి అందులోకి తోలండి.

కనిపించకపోవడం దాని నైజం, దాని గురించి బెంగ వద్దు. ఇలాంటి చేపలు కమ్యూనిటీ ట్యాంకుల్లో, అంటే రకరకాల చేపలు కలిపి పెంచేచోట, పోయేది ఎక్కువగా ఆకలితో. మీరు వేసిన గుళికలు పైన ఏంజెల్స్, మధ్యలో టెట్రాలు, అడుక్కి చేరిన నాలుగూ సక్కర్ తినేస్తాయి. మాత్ నెమ్మది చేప, పరుగెత్తి పోటీపడదు. నెలా రెండు నెలలు ఒంట్లో ఉన్న కొవ్వుతో నెట్టుకొచ్చి ఒకరోజు పోతుంది, మనం నీళ్లు పడలేదనుకుంటాం. కడుపు చూసి తెలుసుకోవచ్చు. పక్కనుంచి చూస్తే పక్క రెక్కల వెనక పొట్ట సమంగానో కాస్త ఉబ్బుగానో ఉండాలి. లోపలికి గుంట పడిందంటే రోజూ తిండి పెట్టాల్సిన చేప అని అర్థం.

పెట్టే పద్ధతి ఇలా. ముందు లైటు ఉండగానే పై చేపలకు మామూలు తిండి కడుపునిండా వేయండి. లైటు ఆర్పండి. అరగంట ఆగి, 20 మిల్లీమీటర్ల పీవీసీ పైపు ముక్క ఒకటి ట్యాంకు మూలన నిలువుగా దించండి. కింది కొస నేలకు ఒక సెంటీమీటరు పైన, చేప దాక్కునే చోటు పక్కనే ఉండాలి. కరిగించిన ఫ్రోజెన్ బ్లడ్‌వార్మ్‌లను (చేపల తిండిగా అమ్మే ఎర్రటి పురుగులు) సూది లేని పది మిల్లీలీటర్ల సిరంజిలోకి నీటితో సహా లాగి ఆ పైపులోకి వదలండి. చేపకు ఎనిమిది పది పురుగుల లెక్కన, వారానికి నాలుగు రాత్రులు చాలు. చోటు మార్చకండి, కొన్నాళ్లకు ఆ మూలకే రావడం నేర్చుకుంటాయి. తెల్లారి మిగిలింది ఉంటే ఎయిర్ ట్యూబుతో లాగేయండి.

బ్లడ్‌వార్మ్ దొరకనప్పుడు ఎర్రలే దిక్కు. తోటలో తవ్వి తీసినవి ఒక రోజు తడి పేపర్లో ఉంచితే కడుపులో మట్టి కక్కేస్తాయి. తర్వాత కడిగి, రెండు మూడు మిల్లీమీటర్ల ముక్కలుగా తరగండి. వర్మీ కంపోస్టు తొట్టెలోని ఎర్ర చారల రకం వద్దు, అది వదిలే పసుపు ద్రవం చేపలకు పడదు. బతికున్న ట్యూబిఫెక్స్ అనే సన్నటి పురుగులు మురికి కాలవల సరుకు. రెండు రోజులు పూటకోసారి నీళ్లు మార్చి కడగకుండా వేస్తే తిండితో పాటు రోగమూ వేసినట్టే. క్యూబులుగా అమ్మే ఎండు ట్యూబిఫెక్స్ తేలిపోతుంది కాబట్టి అడుగు చేపకు పనికిరాదు.

ఇక ఏంజెల్స్ సంగతి. ఇందులో మొహమాటపడి లాభం లేదు: ఏంజెల్సో మాత్‌లో, ఒకటి తేల్చుకోండి. పెద్ద ఏంజెల్ మాత్‌ను మింగబోతే ఇది ముళ్లు నిగిడించి గొంతులో అడ్డం పడుతుంది. అప్పుడు రెండూ పోతాయి. సక్కర్‌ను కూడా తీసేయండి. పన్నెండు అంగుళాలకు మించి పెరిగే చేప అది, మీ ట్యాంకులో ఎలాగూ ఎల్లకాలం ఇమడదు. తీసి మాత్రం మహేంద్రతనయ నదిలోనో ఊరి చెరువులోనో వదలొద్దు. కింద ఆంధ్రాలో చెరువులు పట్టి వలలు చింపుతున్న ‘దెయ్యం చేప’ ఆ జాతిదే. కొన్న షాపుకే తిరిగి ఇవ్వండి. నియాన్లు ఉండొచ్చు. చెర్రీ బార్బులు, చిన్న రాస్బోరాలు, డానియోలు కూడా పరవాలేదు. యోయో లోచ్‌లు మాత్రం తేవద్దు, అడుగున ఒక్క పురుగు మిగల్చవు.

గులకరాళ్ల బదులు ఇసుక వేయండి. మీ కొలత ట్యాంకులో రెండున్నర సెంటీమీటర్ల మందానికి పది పదకొండు కిలోలు పడుతుంది. ఏటి ఇసుకను దోమతెర గుడ్డలో జల్లించి, బకెట్లో నీళ్లు తేటపడేదాకా కడగండి. గోపాల్‌పూర్ సముద్రపు ఇసుక తేవద్దు, అందులోని గవ్వ పొడి నీటిని కఠిన జలం చేస్తుంది. అనుమానముంటే చెంచాడు ఇసుక మీద వెనిగర్ పోయండి, బుడగలు వస్తే పారేయండి. ఇసుక వేస్తే రాళ్ల కింద పరిచే అండర్ గ్రావెల్ ఫిల్టరు పూడుకుపోతుంది, స్పాంజ్ ఫిల్టరుకు మారండి. పైన నాలుగైదు ఎండు బాదం ఆకులు పరవండి. చెట్టు నుంచి రాలి గోధుమరంగుకు తిరిగినవే, పచ్చివి కాదు. ఒక రోజు నానబెట్టి వేస్తే మునుగుతాయి, ఈనెలు మిగిలినప్పుడు మార్చుకోవచ్చు. నీటి మీద అంతరతామర సగం కప్పితే పగలు కూడా చేపలు బయటికొస్తాయి. చెరువులోంచి తెచ్చిన అంతరతామరను వారం రోజులు వేరే బకెట్లో ఉంచి వేర్లు దులపండి, తూనీగ పిల్లలు వస్తాయి, అవి చిన్న చేపల్ని పట్టి తింటాయి. దాక్కునే చోట్లు ఎక్కువైతే ఇంకా కనిపించవేమోనని చాలామంది భయపడతారు. జరిగేది దానికి వ్యతిరేకం: దూరడానికి చోటు దగ్గర్లో ఉందని తెలిస్తేనే ఆ చేప బయట తిరుగుతుంది.

మన దగ్గర ఈ చేపకు పెద్ద గండం మే నెల. ఇది అస్సాం, బంగ్లాదేశ్ వైపు నదుల చేప. చేపల శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ డే 1870లో దీన్ని వర్ణించింది బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ చేపలు చూసే. 18 నుంచి 24 డిగ్రీల నీరు దీనికి హాయి. మన గదుల్లో ఎండాకాలం 31, 32 అవుతుంది. 20 డిగ్రీల నీరు లీటరుకు తొమ్మిది మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే 30 డిగ్రీల నీరు ఏడున్నరే పట్టుకుంటుంది. హీటరు తీసేయండి, మూత తీసి వల గుడ్డ కప్పండి, టేబుల్ ఫ్యాను నీటి మీదుగా కొట్టేలా పెట్టండి. కోస్తా ఉక్కలో దాంతో రెండు డిగ్రీలకు మించి తగ్గదు. అరలీటరు ఐసు సీసా తేలేస్తే ఇంకాస్త తగ్గుతుంది, కానీ గంటలో రెండు డిగ్రీలకు మించి దించొద్దు. ఎయిర్ స్టోను రాత్రీ పగలూ నడవాలి.

బ్యాటరీ ఎయిర్ పంపు కొనిపెట్టుకోండి. 2013 ఫైలిన్, 2018 తిత్లీ తుపాన్లు చూసిన గంజాం, గజపతి వాళ్లకు కరెంటు రోజుల తరబడి రాకపోవడం గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. కరెంటు నాలుగైదు గంటలకు మించి పోతే, వచ్చాక క్యానిస్టర్ ఫిల్టరును (ట్యాంకు బయట పెట్టే మూత డబ్బా రకం) నేరుగా ఆన్ చేయకండి. లోపల ఊపిరాడక బ్యాక్టీరియా చచ్చి ఆ కుళ్లు నీరంతా ట్యాంకులోకి కక్కుతుంది. స్పాంజిని ట్యాంకు నీటితోనే పిండి, ఆ నీళ్లు పారబోసి, అప్పుడు నడపండి.

చేపల ఒంటిమీద తెల్ల మచ్చల రోగం వస్తే షాపువాళ్లు నీటిని 30 డిగ్రీలకు పెంచమంటారు. ఈ చేపతో అది కుదరదు. పొలుసుల్లేని ఒళ్లు గనక మందు కూడా సగం మోతాదే వేయాలి, రాగి ఉన్న మందు అసలు వద్దు. అందుకే కొత్త చేప ఏదైనా మూడు నాలుగు వారాలు వేరే చిన్న ట్యాంకులో ఉంచి, తిండి అలవాటు చేసి, ఆ తర్వాతే కలపండి.

ఏంజెల్స్‌ను వదులుకోలేనంటే మాత్‌లను ఎవరికైనా ఇచ్చి, బదులు గ్లాస్ క్యాట్‌ఫిష్‌లు ఆరింటికి తగ్గకుండా వేసుకోండి. అవి మధ్య నీటిలో గుంపుగా ఉంటాయి, పగలే తింటాయి. బాంజో క్యాట్‌ఫిష్ కూడా బాగుంటుంది. అది అప్పుడప్పుడు పైచర్మం వదులుతుంది, ఫంగస్ అనుకుని మందు వేసేయకండి. ఏట్లో దొరికే బుల్లి జెల్లపిల్ల ముచ్చటగా ఉందని వేస్తే ఆరు నెలలు తిరిగేసరికి టెట్రాల లెక్క తగ్గడం మొదలవుతుంది. కోల్‌కతా సరుకులో చాకా అని ఒకటి వస్తుంది, తల వెడల్పుగా, నోరు కప్ప నోరులా. అది తన ఒంట్లో సగం ఉన్న చేపను కూడా మింగుతుంది. కమ్యూనిటీ ట్యాంకుకు అది పనికిరాదు.

మళ్లీ రైలు పార్సిల్‌లో తెప్పిస్తే చేపకో కవరు, కవరు మీద కవరు వేయించి, మధ్యలో పేపరు చుట్టమనండి. ముళ్లకు ఒంటి కవరు ఆగదు, బరంపురంలో దించేసరికి అడుగున నీళ్లుండవు.