తల్లిపాలు తాగే 16 నెలల పాప బరువు సరిగా పెరగడం లేదు: డాక్టర్‌కి ఎప్పుడు చూపించాలి, ఏం అడగాలి?

మీరు రాసింది ఇదీ: పాపకు 16 నెలలు. ఆరో నెలలో 7.3 కిలోలు, తొమ్మిదో నెలలో 7.7, ఏడాదికి 8.0, ఇప్పుడు 8.2. పగలూ రాత్రీ అడిగినప్పుడల్లా తల్లిపాలు తాగుతుంది. తిండి దగ్గరికొచ్చేసరికి రెండు మూడు చెంచాలకే మూతి తిప్పేసుకుంటుంది. ఒక డాక్టర్ గారు "నార్మల్‌లోనే ఉంది, దిగులు పడకండి" అన్నారు. ఇంకొకరు "పాలు మాన్పించండి, ఆకలేస్తే తనే తింటుంది" అన్నారు. ఎవరి మాట వినాలి, మళ్లీ చూపించాలా అని మీ సందేహం.

చూపించండి. వచ్చే టీకా దాకా ఆగొద్దు, ఈ వారం పది రోజుల్లోనే వెళ్లండి. ఎందుకో మీరిచ్చిన అంకెల్లోనే ఉంది.

16 నెలల ఆడపిల్ల 7.7 కిలోల కంటే తగ్గితే తక్కువ బరువు కింద లెక్కేస్తారు. మీ పాప దానికి పైనే ఉంది కాబట్టి నార్మల్ అన్నారు. ఈ ఒక్కరోజు తూకం వరకూ ఆ మాట నిజమే. కానీ ఆరో నెలలో 7.3 అంటే పాప ఎదుగుదల చార్టులో సరిగ్గా మధ్య గీత మీద ఉంది (ఆ వయసు ఆడపిల్లల్లో సగం మంది ఆ గీతకు పైన, సగం మంది కింద ఉంటారు). ఆ మధ్య గీత ఏడాదికి 8.9 దగ్గరికి, 16 నెలలకు 9.8 దగ్గరికి వెళ్తుంది. ఏడాది నుంచి ఇప్పటిదాకా ఆ గీత 900 గ్రాములు పైకి వెళ్తే మీ పాప పెరిగింది 200 గ్రాములు. పుట్టినప్పుడు బొద్దుగా ఉన్న పిల్లలు మొదటి రెండేళ్లలో తల్లిదండ్రుల పోలికకు తగ్గ గీత మీదికి నెమ్మదిగా దిగడం మామూలే. ఈ దిగుడు మాత్రం అంత నెమ్మదిగా లేదు. డాక్టర్‌తో "బరువు తక్కువగా ఉందా?" అని అడిగితే "లేదు" అనే జవాబే వస్తుంది. "ఆరో నెల నుంచి గీత ఎందుకు పడిపోతోంది?" అని అడగండి.

"తల్లిపాల పిల్లలు చార్టులో సన్నగానే కనిపిస్తారు" అని కూడా ఎవరో ఒకరు అంటారు. ఏ చార్టు అనేది చూడాలి. పాత చార్టులు ఎక్కువగా డబ్బా పాలు తాగిన పిల్లల కొలతలతో చేసినవి. వాటిలో తల్లిపాల పిల్లలు మూడు నాలుగు నెలల తర్వాత వెనకబడినట్టు కనిపించేవారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన చార్టులు బ్రెజిల్, ఘనా, ఇండియా, నార్వే, ఒమన్, అమెరికాల్లో తల్లిపాలు తాగి పెరిగిన పిల్లల్ని కొలిచి తయారుచేసినవి. పైన నేను చెప్పిన అంకెలు వాటిలోవే. ఆ చార్టు మీద గీత పడిపోతుంటే తల్లిపాల పిల్ల అనే కారణంతో సరిపెట్టుకోవడానికి లేదు. పాప నెలలు నిండకుండా పుట్టి ఉంటే మాత్రం, ఎన్ని వారాలు ముందు పుట్టిందో అన్ని వారాలు వయసులోంచి తీసేసి చూడాలి. రెండేళ్ల దాకా అలాగే చూస్తారు.

అన్నిటికంటే ముందు తూకం సరైనదేనా అని తేల్చుకోండి. ఈ వయసులో నెలకు పెరగాల్సింది సుమారు 200 గ్రాములు. తడిసిన డయేపరు ఒక్కటే అంత బరువు ఉంటుంది. స్వెటరు, బూట్లు కలిస్తే ఇంకా ఎక్కువ. అమ్మ ఎత్తుకుని ఒకసారి, ఒక్కతే ఒకసారి తూగి తీసివేసే పద్ధతిలో రెండు తూకాల తేడాలూ కలుస్తాయి కాబట్టి నెలనెలా పోల్చుకోవడానికి అది పనికిరాదు. ప్రతిసారీ ఒకే మిషను మీద, బట్టల్లేకుండా, డయేపరు తీసేసి, తిండికి ముందు తూయించండి. ఏడాది దాటిన పిల్లల్ని నెలకోసారి తూస్తే చాలు. వారం వారం తూస్తే నీళ్లు, మలం వల్ల వచ్చే తేడాలే కనిపించి లేనిపోని కంగారు పుడుతుంది.

పొడవు కొలవడంలో పొరపాట్లు ఇంకా ఎక్కువ. రెండేళ్లలోపు పిల్లల్ని పడుకోబెట్టి, తల పలకకు ఆనించి, ఒకరు తల పట్టుకుంటే ఇంకొకరు మోకాళ్లు చాపి పాదాల దగ్గర కొలవాలి. నిలబెట్టి కొలిస్తే సుమారు 0.7 సెంటీమీటరు తక్కువ వస్తుంది. టేపుతో మంచం మీద కొలిచిన అంకెను లెక్కలోకి తీసుకోవద్దు. మీరు ఇచ్చిన వివరాల్లో పొడవు, తల చుట్టుకొలత లేవు. అవి లేకుండా కారణం వైపు ఒక్క అడుగు కూడా పడదు. బరువు గీత పడిపోతూ, పొడవు, తల గీతలు నిలకడగా ఉంటే ఎక్కువసార్లు తిండి చాలకపోవడమో, తిన్నది ఒంటబట్టకపోవడమో కారణం. పొడవు గీత బరువుకంటే ముందే, లేదా దానితో సమానంగా పడిపోతుంటే థైరాయిడ్ లాంటి హార్మోన్ల వైపు కూడా చూస్తారు. తల గీత ముందు పడితే నరాల డాక్టర్ అవసరం రావచ్చు. జబ్బ చుట్టుకొలత కూడా తీయమనండి. 12.5 సెంటీమీటర్లకు తగ్గితే పోషకాహార లోపం ఉన్నట్టు, 11.5కు తగ్గితే అది తీవ్రంగా ఉన్నట్టు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు మూడు రోజుల తిండి రాసుకోండి. ఆ మూడు రోజుల్లో ఒకటి సెలవురోజు కావాలి. ఏ టైముకు ఏం పెట్టారు, ఎంత లోపలికి వెళ్లింది (వడ్డించింది కాదు, తిన్నది, చెంచాల లెక్కన), అందులో నూనె లేదా వెన్న ఎంత, పాలు ఎప్పుడెప్పుడు తాగింది, రాత్రి ఎన్నిసార్లు లేచింది, నీళ్లు, జ్యూసులు, బిస్కెట్లు, అన్నీ రాయండి. వీటితో పాటు మలం ఎన్నిసార్లు, ఎలా ఉంది, ఎన్ని డయేపర్లు తడిసాయి అన్నది కూడా. పుట్టిన బరువు, టీకా కార్డు, ఇప్పటిదాకా వేసిన తూకాలు తేదీలతో, మీ ఇద్దరి ఎత్తులు ఒకే కాగితం మీద పెట్టండి. "అసలేం తినదండీ" అంటే డాక్టర్‌కి ఏమీ తెలియదు. "రోజు మొత్తం మీద పది చెంచాల పల్చటి జావ, రాత్రి ఆరుసార్లు పాలు" అంటే సగం పని అక్కడే అవుతుంది.

డాక్టర్ వెతికేది మూడు దారుల్లో. తగినంత లోపలికి వెళ్తోందా, వెళ్లింది ఒంటబడుతోందా, ఒళ్లు మామూలుకంటే ఎక్కువ ఖర్చు చేస్తోందా. మీరు గమనించి చెప్పాల్సినవి కూడా ఈ మూడింటికి సంబంధించినవే. మలబద్ధకం ఉంటే ఆకలి చచ్చిపోతుంది, దీన్ని చాలామంది చెప్పడమే మర్చిపోతారు. నోట్లో పుళ్లు, పుచ్చిన పళ్లు, మింగేటప్పుడు పొలమారడం, ముద్దలు నోట్లోనే పెట్టుకుని కూర్చోవడం తిండి వైపు కారణాలు. జిడ్డుగా, దుర్వాసనతో, నీళ్ల మీద తేలే మలం, వారాల తరబడి విరేచనాలు, పొట్ట ఉబ్బి కాళ్లు చేతులు సన్నబడటం, మలంలో రక్తం లేదా జిగురు, ఎంతకీ తగ్గని ఎగ్జిమా (ఒళ్లు ఎర్రబడి దురద పెట్టడం) ఒంటబట్టకపోవడం వైపు, పాల ప్రొటీన్ అలర్జీ వైపు చూపిస్తాయి. పాలు తాగుతూ చెమటలు పట్టడం, ఆయాసం, నిద్రలో గురక, మాటిమాటికీ జ్వరం, అతిగా దాహం వేసి మూత్రం ఎక్కువ పోవడం మూడో దారి.

పరీక్షలు అందరికీ అన్నీ అక్కర్లేదు. ఈ పరిస్థితిలో మొదట రక్తకణాల లెక్క, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పేది), మూత్ర పరీక్ష, మూత్రంలో సూక్ష్మక్రిములు ఉన్నాయేమో చూసే కల్చర్ రాయడం సహజం. తర్వాత లక్షణాల్ని బట్టి థైరాయిడ్, కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్, రక్తంలో లవణాలు, బైకార్బొనేట్, మలపరీక్ష, సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ పడక పేగు దెబ్బతినే జబ్బు) పరీక్ష. ఈ చివరిదాని గురించి ఒక హెచ్చరిక. గోధుమ పడట్లేదేమో అని ముందే ఇంట్లో మాన్పించేస్తే పరీక్షలో జబ్బు ఉన్నా లేనట్టు వస్తుంది. గోధుమ తింటూ ఉండగానే ట్రాన్స్‌గ్లుటమినేస్ ఐజీఏ (ఈ జబ్బులో పెరిగే యాంటీబాడీ)తో పాటు మొత్తం ఐజీఏ కూడా చేయించాలి. ఐజీఏ పుట్టుకతోనే తక్కువ ఉన్న పిల్లల్లో మొదటిది ఒక్కటే చేస్తే నమ్మడానికి లేదు.

ఐరన్ సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే మీరు రాసిన వివరాలకు బాగా సరిపోయేది ఇదే. తల్లిపాలలో లీటరుకు ఉండే ఐరన్ అర మిల్లీగ్రాము కూడా కాదు. ఈ వయసు పిల్లకు తిండిలో రోజుకు 7 మిల్లీగ్రాములు కావాలి. పుట్టినప్పుడు ఒంట్లో దాచుకున్నది సుమారు ఆరు నెలలకు అయిపోతుంది. ఐరన్ తగ్గితే ఆకలి మందగిస్తుంది, తిండి తినదు, పాలే ఎక్కువ అడుగుతుంది, ఐరన్ ఇంకా తగ్గుతుంది. ఈ చక్రంలో పడిన పిల్లకు ఎంత బతిమాలి పెట్టినా తినదు, ఐరన్ మొదలుపెట్టాక ఆకలి తిరిగి రావచ్చు. హిమోగ్లోబిన్ బాగుందని వదిలేయొద్దు, ఫెరిటిన్ ముందు పడిపోతుంది. జలుబు, జ్వరం ఉన్నప్పుడు తీస్తే ఫెరిటిన్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, కాబట్టి తగ్గాక తీయించండి. లోపం తేలితే డాక్టర్లు సాధారణంగా రోజుకు కిలో బరువుకు 3 మిల్లీగ్రాముల ఎలిమెంటల్ ఐరన్ చొప్పున మూడు నెలలు ఇస్తారు. సీసా మీద ఐరన్ లవణం మొత్తం బరువు, ఎలిమెంటల్ బరువు (అందులోని అసలు ఐరన్ ఎంత అన్నది) వేరువేరు, ఎన్ని మిల్లీలీటర్లో డాక్టర్ చేతే రాయించుకోండి. పాలతో కలిపి వేయొద్దు. మలం నల్లగా రావడం మామూలే. సీసా పిల్లలకు అందనిచోట పెట్టండి, ఎక్కువ మోతాదు ప్రాణం మీదికి తెస్తుంది.

అమ్మ మాంసం, గుడ్లు, పాల పదార్థాలు దాదాపు తినకపోతే బి12 గురించి కూడా అడగండి. అమ్మకు తక్కువైతే పాలలోనూ తక్కువే. పాప మందకొడిగా మారడం, అంతకుముందు చేసే పనులు మానేయడం, వేళ్ల కణుపులు నల్లబడటం దాని గుర్తులు, వీటికి ఆలస్యం చేయకూడదు.

ఇక పాలు మాన్పించడం. తొందరపడి ఆ పని చేయొద్దు. రెండో ఏడాదిలో కూడా తల్లిపాలు శక్తికీ, కొవ్వుకీ మంచి ఆధారం. జ్వరం, విరేచనాలు వచ్చి ఏమీ తిననప్పుడు పాప తీసుకునేది అవే. మాన్పిస్తే ఆ శక్తి పోవడం ఖాయం, దాని బదులు తిండి తింటుందన్న హామీ మాత్రం లేదు. మార్చాల్సింది వరస. తిండికి ముందు గంట, గంటన్నర పాలు ఇవ్వకండి. ముందు తిండి, ఆ తర్వాత కావలసినన్ని పాలు. రాత్రి మాటిమాటికీ తాగి పొద్దున ఆకలి లేకుండా లేస్తుంటే రాత్రి పాలు ఒక్కొక్కటిగా తగ్గించండి, ఒక్కసారిగా కాదు. అమ్మ మళ్లీ గర్భవతి అయితే పాలు తగ్గిపోతాయి, పిల్ల రొమ్ము పట్టుకుని ఉన్నా లోపలికి పెద్దగా వెళ్లదు. ఆ మాట డాక్టర్‌కి చెప్పండి.

తల్లిపాలు మామూలుగా తాగే ఈ వయసు పిల్లకు తిండి నుంచి రోజుకు సుమారు 550 కిలోకాలరీలు రావాలి. వెనకబడిన బరువు పూడ్చుకోవాలంటే ఇంకా ఎక్కువ. కడుపులో ఒకసారికి పట్టేది కిలో బరువుకు సుమారు 30 గ్రాములు, అంటే మీ పాపకు 240 గ్రాముల దగ్గర. పల్చటి జావలో గ్రాముకు 0.4 కిలోకాలరీలు ఉంటే, పూటకు 200 గ్రాముల చొప్పున నాలుగు పూటలా తాగినా 320 దాటదు. కడుపు నిండుతుంది, ఒళ్లు ఎదగదు. చెంచా వంచితే జారిపోకుండా నిలిచేంత చిక్కగా చేయండి. పూటకొక చిన్న చెంచా నూనె లేదా వెన్న కలిపితే 40 కిలోకాలరీలు అదనం. గుడ్డు, చేప, మాంసం, లేదా పప్పుతో పాటు విటమిన్ సి ఉన్న పండు రోజూ ఉండాలి. మూడు పూటల తిండి, మధ్యలో రెండుసార్లు చిరుతిండి, మధ్యన రెండు మూడు గంటల ఎడం. కూర్చోబెట్టి 20, 30 నిమిషాలు, తర్వాత గిన్నె తీసేయడమే. నోరు తెరిచి కుక్కితే పాపకు తిండంటేనే భయం పట్టుకుంటుంది. జ్యూసులు, బిస్కెట్లు ఆపేయండి. ఆకలి పెంచే సిరప్‌లు సొంతంగా కొనొద్దు. వాటిలో ఎక్కువగా ఉండే సైప్రోహెప్టడిన్ నిద్రమత్తు తెస్తుంది, రెండేళ్లలోపు పిల్లలకు సిఫారసు చేయరు.

కొన్ని గుర్తులుంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. పాలు, నీళ్లు కూడా తాగలేకపోవడం, తాగిందంతా కక్కేయడం, ఆకుపచ్చ వాంతి, ఫిట్స్, లేపినా సరిగా లేవకపోవడం, ఎనిమిది గంటలుగా మూత్రం లేకపోవడం, కదలకుండా ఉన్నప్పుడు నిమిషానికి 40కి మించి ఊపిరి తీయడం, రెండు పాదాలూ వాచి వేలితో నొక్కితే గుంట పడటం. పాదాల వాపు ఉన్న పిల్లకు ఇంట్లో బలవంతంగా బాగా పెట్టడం మొదలుపెట్టొద్దు. బాగా చిక్కిపోయిన ఒంట్లోకి ఒక్కసారిగా తిండి వెళ్తే రక్తంలోని లవణాలు తారుమారై గుండెకు ప్రమాదం. ఆస్పత్రిలో కొద్దికొద్దిగా పెంచుతారు.

మొదటిసారి చూపించుకుని వచ్చేటప్పుడే మళ్లీ ఎప్పుడు రావాలో, అప్పటికి ఎంత పెరగాలో అడిగి రాయించుకోండి. నెలకు 200, 220 గ్రాములు పెరిగితే పాప చార్టు గీతకు సమాంతరంగా వెళ్తోందని. అంతకు మించి పెరిగితేనే వెనకబడిన దూరం తగ్గుతుంది. చిక్కటి తిండి, అవసరమైతే ఐరన్, రెండు నెలలు సరిగ్గా నడిచాక కూడా గీత తిరగకపోతే పిల్లల గ్యాస్ట్రోఎంటరాలజిస్టుకు (కడుపు, పేగుల డాక్టర్‌కి) రాయమని అడగండి. ఆ చీటీతో పాటు తేదీలున్న తూకాలు, పొడవులు, రిపోర్టులు, కొత్తగా రాసిన మూడు రోజుల తిండి జతచేసి తీసుకెళ్లండి. లేకపోతే అక్కడ కూడా మళ్లీ మొదటి నుంచి అవే పరీక్షలు చేయించాల్సి వస్తుంది.