మైనర్ లీగ్ బేస్‌బాల్‌లో ఎదుగుతున్న కుర్రాళ్లను ఫాలో అవడం ఎలా? ర్యాంకింగులు చూస్తే సరిపోతుందా?

మీరు అడిగింది ఇదీ: డాలస్ వైపు కొత్తగా వచ్చారు, మీ అబ్బాయి టెక్సస్ రేంజర్స్ అభిమాని అయిపోయాడు, టీవీలో కనిపించేవాళ్లతో పాటు రేపు రాబోయే ఆటగాళ్ల గురించి కూడా, అంటే మేజర్ లీగ్‌కు కింద ఉండే మైనర్ లీగ్ జట్లలో ఎదుగుతున్నవాళ్ల గురించి, తెలుసుకోవాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి, వాళ్లకు ర్యాంకులిచ్చే టాప్ 100 జాబితాలను ఎంతవరకు నమ్మాలి అని. నేను ఉండేది ఫ్రిస్కోలో. రేంజర్స్ డబుల్-ఎ జట్టు (మేజర్ లీగ్‌కు రెండు మెట్ల కింద) రఫ్‌రైడర్స్ ఆడేది మా ఊళ్లోనే. కొన్నేళ్లుగా ఈ కుర్రాళ్లను దగ్గర నుంచి చూస్తున్నాను కాబట్టి నాకు తెలిసిన రేంజర్స్ ఉదాహరణలతోనే చెప్తాను. మిగతా 29 జట్లకూ పద్ధతి ఇదే.

ముందుగా చెప్పాల్సిన మాట: ఒక కుర్రాడి స్కోరు చూసే ముందు అతను ఏ వయసులో ఏ మెట్టు మీద ఉన్నాడు, అక్కడ అతన్ని ఏం నేర్చుకోమని పంపారు అనేది చూడండి. ఈ రెండూ తెలియకుండా అంకెలు చూస్తే మంచి ఆటగాడు చెడ్డగా, మామూలు ఆటగాడు గొప్పగా కనిపిస్తాడు.

ఎందుకంటే మైనర్ లీగ్ జట్టు ముఖ్యంగా గెలవడం కోసం నడిచేది కాదు. మన హైదరాబాద్ రంజీ జట్టు రంజీ ట్రోఫీ కోసమే ఆడుతుంది. ఇక్కడ అలా ఉండదు. ఫ్రిస్కోలో టికెట్లు, తిండి, టోపీలు అమ్ముకునేది ఇక్కడి యాజమాన్యం. ఎవరు ఆడాలి, ఏ పిచర్ ఎన్ని బంతులు వేయాలి, ఏ బంతి ఎక్కువ వేయాలి అని నిర్ణయించేది మాత్రం ఆర్లింగ్టన్‌లోని రేంజర్స్ వాళ్లు. ఆటగాళ్లకు జీతం ఇచ్చేదీ వాళ్లే.

మెట్లు ఇలా ఉంటాయి. జూలైలో 20 రౌండ్ల డ్రాఫ్ట్‌లో అమెరికా హైస్కూల్, కాలేజీ కుర్రాళ్లను తీసుకుంటారు. డొమినికన్ రిపబ్లిక్, వెనిజులా, బహామాస్ లాంటి చోట్ల నుంచి 16 ఏళ్లు నిండిన పిల్లలతో జనవరిలో ఒప్పందాలు మొదలవుతాయి. వాళ్లలో చాలామంది డొమినికన్ సమ్మర్ లీగ్‌లో మొదలై, తర్వాత అరిజోనాలోని సర్‌ప్రైజ్‌లో ఉన్న రేంజర్స్ శిక్షణ కేంద్రానికి వస్తారు. అక్కడి నుంచి నార్త్ కరోలినాలోని హికరీ (సింగిల్-ఎ), సౌత్ కరోలినాలోని స్పార్టన్‌బర్గ్ (హై-ఎ), ఆ తర్వాత ఫ్రిస్కో (డబుల్-ఎ), చివరగా ఆస్టిన్ పక్కనున్న రౌండ్ రాక్ (ట్రిపుల్-ఎ). 2025 నాటికి వరుస ఇది. 2021లో మైనర్ లీగ్‌లను కుదించి 160 జట్లను 120 చేశారు. అప్పటి నుంచి ప్రతి మేజర్ లీగ్ జట్టుకూ ఇలా నాలుగు పూర్తి సీజన్ జట్లు ఉన్నాయి.

వీటిలో డబుల్-ఎ దగ్గర ఆగి చూడమంటాను. కింది స్థాయిల్లో గట్టి ఫాస్ట్‌బాల్ ఉన్న పిచర్ ఆ ఒక్కదానితోనే నెట్టుకొచ్చేయగలడు. ఇక్కడికొచ్చేసరికి బ్యాటర్లు స్ట్రైక్ జోన్ (బ్యాటర్ ముందు బంతి పడాల్సిన హద్దు) బయటి బంతిని వదిలేస్తారు, పిచర్లేమో బ్యాటర్ ఫాస్ట్‌బాల్ కోసం కాచుకున్నప్పుడు ధైర్యంగా స్లైడరో (పక్కకు జారే బంతి) ఛేంజపో (వేగం తగ్గించిన బంతి) వేస్తారు. నిలబడేవాళ్లు ఎవరో, ఎవరి దగ్గర ఒకే ఆయుధం ఉందో ఇక్కడే తేలిపోతుంది.

జాక్ లైటర్ సంగతి చూడండి. 2021 డ్రాఫ్ట్‌లో మొత్తం మీద 2వ ఎంపిక, బోనస్ దాదాపు 79 లక్షల డాలర్లు. వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ నుంచి వచ్చిన అతన్ని 2022లో నేరుగా ఫ్రిస్కోలోనే మొదలుపెట్టించారు. ఆ ఏడాది అతని ఈఆర్ఏ, అంటే ఫీల్డర్ల తప్పుల వల్ల వచ్చినవి తీసేసి 9 ఇన్నింగ్స్‌కు సగటున ఇచ్చుకున్న పరుగులు, 5.54. స్టేడియంలో నా చుట్టుపక్కల కూర్చున్నవాళ్లలో చాలామంది ఆ సీజన్ చివరికి అతని మీద ఆశ వదిలేసుకున్నారు. కానీ అదే సీజన్‌లో 92 ఇన్నింగ్స్ పైచిలుకు వేసి 109 మందిని స్ట్రైక్‌అవుట్ (మూడు స్ట్రైక్‌లతో అవుట్) చేశాడు, 56 మందికి వాక్ (నాలుగు బంతులు జోన్ బయట పడితే ఉచితంగా మొదటి బేస్) ఇచ్చాడు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టండి. ఇన్నింగ్స్‌కు ఒకటి కంటే ఎక్కువ స్ట్రైక్‌అవుట్లంటే డబుల్-ఎ బ్యాటర్లకు అతని బంతి అందడం లేదన్నమాట. అన్ని వాక్‌లంటే ఆ బంతి అనుకున్న చోట పడటం లేదు. అంటే సత్తా ఉంది, అదుపు లేదు. అదుపు నేర్పడానికి మనుషులున్నారు, టైమ్ ఉంది. 2023లో మధ్యలో కొన్ని వారాలు మ్యాచ్‌ల నుంచి పక్కకు తప్పించి మరీ పని చేయించారు. 2024 ఏప్రిల్‌లో మేజర్ లీగ్‌లో మొదటి మ్యాచ్ ఆడాడు, ఆ ఏడాది బాగా దెబ్బతిన్నాడు. 2025లో 29 మ్యాచ్‌ల్లో మొదటి పిచర్‌గా దిగి 3.86 ఈఆర్ఏతో నిలబడ్డాడు. డ్రాఫ్ట్ అయిన నాలుగేళ్లకు! ఓపిక పట్టినవాళ్లకు ఆ 2025 సీజన్ ఎంత తృప్తినిచ్చిందో మాటల్లో చెప్పలేను.

బ్యాటర్ల విషయంలో ఇవాన్ కార్టర్ కంటే మంచి పాఠం లేదు. కోవిడ్ వల్ల 2020 డ్రాఫ్ట్‌ను 5 రౌండ్లకే కుదించారు. రెండో రౌండ్‌లో 50వ ఎంపికగా టెనెసీ హైస్కూల్ కుర్రాడైన కార్టర్ పేరు చదివినప్పుడు టీవీలో విశ్లేషకుల దగ్గర అతని గురించి చెప్పడానికి ఏమీ లేదు. పేరున్న జాబితాల్లో అతను లేడు. మరుసటి ఏడాది సింగిల్-ఎలో 32 మ్యాచ్‌లాడాడు, తర్వాత వెన్నునొప్పితో సీజన్ ముగిసింది. బ్యాటింగ్ సగటు (వాక్‌లు కలపకుండా, ఆడిన అవకాశాల్లో ఎంత భాగం హిట్లయ్యాయో) .236. ఆ అంకె మాత్రమే చూస్తే పేజీ తిప్పేస్తాం. కానీ ఆన్-బేస్ సగటు (వాక్‌లు కూడా కలిపి బేస్ చేరిన లెక్క) .438. స్ట్రైక్‌అవుట్ల కంటే వాక్‌లు ఎక్కువ. అప్పటికి అతనికి 18 ఏళ్లు! తనకంటే పెద్దవాళ్లు వేసే బంతుల్లో ఏది స్ట్రైకో ఏది కాదో ఆ వయసులోనే పసిగట్టేవాడన్నమాట. 2023లో ఎక్కువ భాగం ఫ్రిస్కోలోనే ఆడాడు. సెప్టెంబర్ 8న, 21 ఏళ్లకు, ఆర్లింగ్టన్ పిలుపు వచ్చింది. ఆ అక్టోబర్‌లో ప్లేఆఫ్స్‌లో 9 డబుల్స్ (రెండో బేస్ దాకా చేర్చే హిట్లు) కొట్టాడు, ఒకే పోస్ట్‌సీజన్‌లో అది రికార్డు. రేంజర్స్ తమ మొదటి వరల్డ్ సిరీస్ గెలిచింది ఆ ఏడాదే. ఇక్కడ కొన్ని వారాల ముందు ఆడిన కుర్రాడు వరల్డ్ సిరీస్‌లో మూడో స్థానంలో బ్యాటింగ్‌కు దిగుతుంటే మా వీధిలో పిల్లలు పడ్డ సంబరం అంతా ఇంతా కాదు.

దీనికి ఎదురు ఉదాహరణ జోయీ గాలో. 2013లో హికరీలో 19 ఏళ్ల వయసులో 38 హోమ్ రన్లు. చూసినవాళ్లందరికీ మతిపోయింది. దాని పక్కనే 165 స్ట్రైక్‌అవుట్లు కూడా ఉన్నాయి. అతను మంచి ఆటగాడే అయ్యాడు, రెండుసార్లు ఆల్‌స్టార్, రెండు గోల్డ్ గ్లవ్‌లు (ఫీల్డింగ్ అవార్డు). అయితే మేజర్ లీగ్‌లో బ్యాటింగ్ సగటు .194 దగ్గరే ఆగిపోయింది. 19 ఏళ్లప్పుడు కనిపించిన బలమూ లోపమూ రెండూ చివరిదాకా వెంట వచ్చాయి.

హోమ్ రన్ల గురించి ఇంకో జాగ్రత్త. ఎక్కడ కొట్టారో చూడండి. ఫ్రిస్కో ఆడే టెక్సస్ లీగ్‌లో అమరిల్లో సముద్రమట్టానికి 3,600 అడుగుల ఎత్తున ఉంటుంది, గాలి పలచన, బంతి తేలిపోతుంది. రౌండ్ రాక్ ఆడే పసిఫిక్ కోస్ట్ లీగ్‌లో రీనో, ఆల్బకర్కీ, ఎల్ పాసో, లాస్ వేగస్ కూడా అంతే. అక్కడ 25 హోమ్ రన్లు కొట్టాడంటే అది పెద్ద విషయం అనుకోనక్కర్లేదు. ట్రిపుల్-ఎలో ఇప్పుడు బంతి బ్యాట్‌ను వదిలిన వేగం కూడా అందరికీ కనిపించేలా ఇస్తున్నారు. అది కొండల మీదా మైదానంలోనూ ఒకటే కాబట్టి నేను హోమ్ రన్ల లెక్క వదిలేసి దాన్నే చూస్తాను.

వయసు సంగతి. డబుల్-ఎలో ఎక్కువమంది 23, 24 ఏళ్లవాళ్లు. బహామాస్ నుంచి వచ్చిన సెబాస్టియన్ వాల్కట్ 2025 సీజనంతా ఫ్రిస్కోలో 19 ఏళ్లకు ఆడాడు. కాలేజీలో ఉండాల్సిన వయసు. అతను .250 కొట్టడం, 25 ఏళ్లవాడు .300 కొట్టడం ఒకటి కాదు. నన్నడిగితే మొదటిదే విలువైనది.

ఇక ర్యాంకింగులు. స్కౌట్లు ఒక్కో నైపుణ్యానికి 20 నుంచి 80 వరకు మార్కులు వేస్తారు, 50 అంటే మేజర్ లీగ్ సగటు. బ్యాటింగ్, బలం, పరుగు, ఫీల్డింగ్, త్రో అని విడివిడిగా ఉంటాయి. నేను జాబితాలు తప్పకుండా చదువుతాను. ర్యాంకు కోసం మాత్రం కాదు, దాని కింద రాసిన నాలుగు వాక్యాల కోసం. ఏ బంతికి ఇబ్బంది పడుతున్నాడు, షార్ట్‌స్టాప్‌గా ఉంటాడా థర్డ్ బేస్‌కు మారుస్తారా, ఈ ఏడాది ఏం మార్చుకున్నాడు అని అక్కడ రాస్తారు. అది చదివి మైదానానికి వెళ్తే ఆట వేరేలా కనిపిస్తుంది.

అలా చూడటానికి ఫ్రిస్కో స్టేడియం దేశంలోనే మంచి చోటు అని నా గట్టి నమ్మకం. బుల్‌పెన్‌లు, అంటే పిచర్లు వార్మప్ చేసుకునే చోట్లు, ప్రేక్షకుల సీట్ల మధ్యలోనే ఉంటాయి. 2024 ఆగస్టులో పిచర్ కుమార్ రాకర్ ఇక్కడ బంతులు వేసినప్పుడు నేను అక్కడే నిలబడి చూశాను. తల్లి వైపు భారతీయ మూలాలున్న కుర్రాడు కాబట్టి మనవాళ్లు చాలామంది వచ్చారు. ముందు నెమ్మదిగా ఫాస్ట్‌బాల్స్, తర్వాత స్లైడర్. ఆ స్లైడర్ సగం దూరం వరకు ఫాస్ట్‌బాల్ లాగే వచ్చి ఉన్నట్టుండి కిందికి జారిపోయింది. క్యాచర్ గ్లవ్ నేలకు ఆనించి పట్టుకున్నాడు. మళ్లీ అదే బంతి, అదే చోట. పక్కనే కోచ్ ట్యాబ్లెట్ చూస్తూ ఏదో చెప్తుంటే రాకర్ తలూపి చేతిలో బంతి పట్టు కాస్త మార్చుకున్నాడు. టీవీలో ఇది కనిపించదు.

అతను అక్కడిదాకా వచ్చిన దారి మీ అబ్బాయికి తప్పకుండా చెప్పండి. 2019లో వాండర్‌బిల్ట్‌లో మొదటి సంవత్సరం కుర్రాడిగా డ్యూక్ యూనివర్సిటీ మీద 19 స్ట్రైక్‌అవుట్లతో నో-హిట్టర్ (ఎదుటి జట్టుకు ఒక్క హిట్ కూడా ఇవ్వని మ్యాచ్) వేశాడు. 2021లో న్యూయార్క్ మెట్స్ జట్టు 10వ ఎంపికగా తీసుకుని, వైద్య పరీక్షల తర్వాత ఒప్పందం చేసుకోలేదు. మరుసటి ఏడాది మేజర్ లీగ్‌తో సంబంధం లేని ఫ్రాంటియర్ లీగ్‌లో ఆడాడు. 2022లో రేంజర్స్ 3వ ఎంపికగా తీసుకున్నారు. 2023లో మోచేతి లిగమెంట్‌కు టామీ జాన్ సర్జరీ. 2024 సెప్టెంబర్ 12న సియాటెల్‌లో మొదటి మేజర్ లీగ్ మ్యాచ్, 4 ఇన్నింగ్స్‌లో 7 స్ట్రైక్‌అవుట్లు. 2025లో తడబడితే మళ్లీ కిందికి పంపారు. పైకి వెళ్లినవాడు పైనే ఉంటాడని ఈ ఆటలో ఎవరూ హామీ ఇవ్వరు. పిచర్ల మీద ఆశ పెట్టుకునేటప్పుడు మోచేయి, భుజం మాట ఎప్పుడూ మనసులో ఉంచుకోవాలి.

మనసు కష్టపెట్టేది ఇంకోటుంది, ట్రేడ్‌లు. 2023లో లూయిసాంగెల్ అకూన్యా ఇక్కడ .315 కొడుతూ ఉండగా జూలై చివర్లో పేరున్న పిచర్ మాక్స్ షెర్జర్ కోసం మెట్స్‌కు ఇచ్చేశారు. మా పిల్లలు బాగా దిగాలుపడ్డారు. కానీ మంచి ప్రాస్పెక్ట్‌లను (ఆశ పెట్టుకున్న కుర్రాళ్లను) పెంచుకునేది ఇందుకోసం కూడా. ముందే చెప్పి ఉంచితే పిల్లలు అర్థం చేసుకుంటారు.

పెద్ద బోనస్‌లు వచ్చినవాళ్లు ప్రతి జట్టులో కొద్దిమందే. మిగతావాళ్ల పరిస్థితి వేరు. 2022లో వీళ్లు యూనియన్‌లో చేరి 2023లో మొదటిసారి సామూహిక ఒప్పందం సాధించుకున్నాక డబుల్-ఎలో కనీస జీతం ఏడాదికి 30,250 డాలర్లయింది. ఈ ఊళ్లో ఆ డబ్బుతో బతకడం ఎంత కష్టమో మీకు తెలుసు. అందుకే జాబితాలో లేని ఒక కుర్రాణ్ణి కూడా ఎంచుకుని ఫాలో అవ్వమని చెప్తాను. ఆట ముగిశాక ఆగి పేరుపెట్టి పలకరిస్తే వాళ్ల ముఖం వెలిగిపోతుంది.

వెళ్లేటప్పుడు పనికొచ్చే విషయం: ఇక్కడ సిరీస్ మంగళవారం మొదలై ఆదివారం దాకా ఒకే జట్టుతో 6 మ్యాచ్‌లు, సోమవారం సెలవు. మొదటి నుంచి వేసే పిచర్లకు సాధారణంగా వారానికి ఒక మ్యాచ్. కాబట్టి మీకు కావలసిన పిచర్ ఈ గురువారం వేస్తే, ఏ మార్పూ లేకపోతే వచ్చే గురువారం మళ్లీ అతనే. ఆ వారం ఫ్రిస్కో సొంత మైదానంలో ఆడుతుందో బయట ఊళ్లో ఆడుతుందో చూసుకుని టికెట్ కొనుక్కోండి. మిగతా రోజులు యాప్‌లో బాక్స్ స్కోర్ చాలు, రోజూ పది నిమిషాల పని.

సీజన్ అయిపోయాక కూడా వదలకండి. నవంబర్‌లో ప్రతి మేజర్ లీగ్ జట్టూ తన 40 మంది జాబితాలో (వేరే జట్టు తీసుకుపోకుండా కాపాడుకునేవాళ్లు) ఎవరిని చేర్చాలో తేల్చుకోవాలి. 18 ఏళ్లకో అంతకు ముందో చేరినవాళ్లకు 5 సీజన్లు, 19 ఏళ్లకో ఆ తర్వాతో చేరినవాళ్లకు 4 సీజన్లు గడువు. ఆలోపు చేర్చకపోతే డిసెంబర్‌లో జరిగే రూల్ 5 డ్రాఫ్ట్‌లో వేరే జట్టు లక్ష డాలర్లు కట్టి తీసుకుపోవచ్చు, కాకపోతే మరుసటి సీజనంతా మేజర్ లీగ్ జట్టులోనే ఉంచుకోవాలి. ఒక కుర్రాడి గురించి జట్టు నిజంగా ఏమనుకుంటోందో నాకు ఏ ర్యాంకింగ్ కంటే ఈ ఒక్క నిర్ణయంలోనే స్పష్టంగా తెలుస్తుంది. గడువు దగ్గరపడ్డవాళ్ల పేర్లు అక్టోబర్‌లోనే మీ అబ్బాయి చేత రాయించండి, తనైతే ఎవరిని ఉంచుకుంటాడో గుర్తు పెట్టమనండి. నవంబర్‌లో రేంజర్స్ ప్రకటన వచ్చాక ఆ కాగితంతో సరిచూసుకోండి. తేడా వచ్చిన పేర్ల గురించి ఇక్కడే రాస్తే, నేను చూసినవాళ్లయితే నాకు తెలిసింది చెప్తాను.