అందరికీ బొట్టు పెట్టి నన్ను దాటేశారు... ఇది చిన్న విషయమా?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. నాకు 32 ఏళ్ళు. విడాకులయ్యాక రెండేళ్ళుగా పుట్టింట్లోనే ఉంటూ ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేస్తున్నాను. పోయిన నెల మా పెదనాయన మనవరాలికి ఓణీల ఫంక్షన్ చేశారు. పిలుపులకు వచ్చిన వదినలు మా అమ్మకు బొట్టు పెట్టి, పక్కనే నిలబడి ఉన్న నన్ను దాటుకుని వెళ్ళిపోయారు. ఇంటి ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులోంచి కూడా తీసేశారు. అమ్మేమో ‘పోనీలేమ్మా, ఒక బొట్టే కదా’ అంటుంది. నాకు నిద్ర పట్టడం లేదు, అన్నం సహించడం లేదు. ‘మనల్ని ఎందుకు పిలవలేదు?’ అని ఎనిమిదేళ్ళ మా పాప అడుగుతోంది. తోటి టీచర్లు రొట్టెల పండక్కి రమ్మన్నా వెళ్ళబుద్ధి కాలేదు. చెన్నై వెళ్ళిపోదామనిపిస్తోంది. ఇంత చిన్నదానికి ఇంత బాధేంటి? నాది బలహీనతా?

జవాబు: కాదమ్మా. మన వైపు బొట్టు పెడితేనే పిలిచినట్టు. ‘నువ్వూ మా మనిషివే’ అని నలుగురి ముందూ చెప్పే మాట అది. భరిణె మీ దాకా వచ్చి ఆగిపోయిందంటే ఆ మాట వెనక్కి తీసుకున్నట్టే. కాపురం చెడిన ఆడది ముందుంటే శుభం జరగదన్న పాత భయమే వాళ్ళ చేత ఆ పని చేయించి ఉండొచ్చు. కారణం ఏదైనా అది అన్యాయమే. ఆచారమని నేను సర్దిచెప్పను.

కిప్లింగ్ విలియమ్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త వెలివేత మీద పరిశోధనకు కంప్యూటర్లో ఒక బంతాట తయారు చేశాడు. ఆడేది ముగ్గురు. కాసేపయ్యాక ఇద్దరు బంతిని తమలో తామే విసురుకుంటారు, మూడో మనిషికి ఇక రాదు. ఆడేవాళ్ళు ముక్కూమొహం తెలియనివాళ్ళు, ఆట నిమిషాల్లో అయిపోతుంది. అయినా ఆ మూడో మనిషి మనసు కుంగిపోయేది, తనకు విలువే లేదనిపించేది. 2003లో ఇదే ఆట ఆడిస్తూ మెదడు స్కాన్ తీశారు. ఒంటికి దెబ్బ తగిలితే కలిగే బాధలో పాలుపంచుకునే ఒక భాగం అప్పుడూ చురుగ్గా కనిపించింది. ఇంకో ప్రయోగంలో, నీతో ఆడేది మనుషులు కాదు, కంప్యూటరేనని ముందే చెప్పినా జనం బాధపడ్డారు. చిన్నప్పటి నుంచీ మిమ్మల్ని ఎరిగినవాళ్ళు ముఖం మీదే దాటేస్తే నిద్ర పట్టకపోవడంలో వింతేముంది?

మీరు రాయలేదు గానీ, ‘మా పిల్లకూ పెట్టమ్మా’ అని అమ్మ ఆ క్షణంలో అననందుకు కూడా మీకు నొప్పి ఉండే ఉంటుంది. ఆమెకు అయినవాళ్ళతో చెడుతుందన్న భయం కావచ్చు. తప్పు పట్టినట్టు కాకుండా, ‘అమ్మా, సర్దిచెప్పొద్దు, నా బాధ కాసేపు విను’ అని అడగండి. ఇంకోసారి ఎవరైనా పిలుపులకు వస్తే ‘మా పిల్లకూ పెట్టమ్మా’ అని ఆ ఒక్క మాట అనమని కూడా చెప్పండి. అది ఆమె నోటి నుంచే రావాలి.

వదినలు చేసినదానికన్నా రొట్టెల పండగ మాట నన్ను ఎక్కువ కలవరపెట్టింది. పిలవలేదని కుమిలిపోతున్న మీకు ఒక పిలుపు వచ్చింది, దాన్ని మీరే కాదన్నారు. ఒకచోట దెబ్బ తిన్న మనసు, మళ్ళీ తగులుతుందేమోనని మిగతా తలుపులూ మూసుకుంటుంది. ఇది దాదాపు అందరిలోనూ జరిగేదే, దీన్ని ఆపడం మీ చేతిలోనే ఉంది. ఆ పండగలో నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో రొట్టెలు మార్చుకోవడానికి నిలబడ్డప్పుడు, రొట్టె ఇచ్చే ఆవిడ మీ కాపురం సంగతి అడగదు, మీ కులమూ మతమూ అడగదు. ఈసారి పండగ అయిపోయింది, పోనివ్వండి. కానీ పిలిచిన ఆ టీచర్లలో మీకు కాస్త దగ్గరగా అనిపించే ఒకరిని ఈ ఆదివారమే పాపతో సహా కలవండి. ఎక్కువమంది అక్కర్లేదు.

వదినల్లో మీతో కాస్త చనువున్న ఒకామె దగ్గరికి ఒంటరిగా వెళ్ళి, ‘వదినా, ఆ రోజు నాకు బొట్టు పెట్టకుండా వెళ్ళారు, నాకు చాలా కష్టమేసింది. ఎందుకలా చేశారు?’ అని అడగండి. అంతకుమించి వాదన వద్దు. పెద్దవాళ్ళు చెప్పినట్టు చేశానంటుందో, కళ్ళనీళ్ళు పెట్టుకుంటుందో, మొహం తిప్పుకుంటుందో. ఏదైనా సరే, రాత్రుళ్ళు మీరు ఊహించుకునే నూరు కారణాల కన్నా నయం. గ్రూపులో మళ్ళీ చేర్చమని మాత్రం అడగకండి.

పాపకు అబద్ధం చెప్పొద్దు. ‘వాళ్ళు తప్పు చేశారు, మన తప్పేం లేదు’ అంటే చాలు. వాళ్ళ గురించి చెడ్డగా చెప్పకండి, ఆ పిల్ల రేపు వాళ్ళ పిల్లలతో ఆడుకోవాలి.

నిద్ర, ఆకలి ఇలాగే ఉండి రెండు వారాలు దాటితే నెల్లూరు పెద్దాసుపత్రిలో మానసిక వైద్యులకు చూపించుకోండి. బతకడమెందుకు అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆగకుండా టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక సహాయ లైన్ 14416కు ఫోన్ చేయండి. ఏ వేళలోనైనా ఉచితంగా తెలుగులోనే మాట్లాడతారు.

చెన్నై సంగతి ఇప్పుడే తేల్చుకోకండి. అక్కడ మంచి ఉద్యోగం దొరికి వెళితే సంతోషం. వదినల నుంచి పారిపోవడానికైతే, కనీసం పాప పరీక్షలయ్యే దాకా ఆగి అప్పుడు మళ్ళీ ఆలోచించండి.